బరువు మోపి చూస్తే

మా కుర్చీల వీధిలో నన్ను ఎదురుగా మేస్త్రి అనీ, వెనక అనుమానాల మేస్త్రి అనీ అంటారు. వెనక అనేది నాకెలా తెలుసంటే, వెనక ఏమంటున్నారోనన్న అనుమానం నాకు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి. కలప కొట్టాయన ఎండిన చెక్క అన్నాడంటే నేను తలూపి డబ్బిచ్చే రకం కాదు. గోటితో గీసి, వాసన చూసి, వేలి కణుపుతో నాలుగు చోట్ల తట్టి, అప్పుడు గానీ బేరానికి దిగను. ఇరవై ఏళ్ళలో నాకు పచ్చి చెక్క అంటగట్టినవాడు ఒక్కడు లేడు. దాంతో లోకంలో ప్రతివాడూ నాకు ఏదో ఒకటి అంటగట్టాలనే చూస్తున్నాడని ఒక లెక్క నా బుర్రలో స్థిరపడిపోయింది.

మా పని ఇద్దరిది. కుర్చీ చట్రం నేను చేస్తాను, దానికి పేము అల్లేది మా అమ్మ. నానబెట్టిన పేము బద్దల కట్ట పక్కన పెట్టుకుని, చట్రం ఒళ్ళోకి లాక్కుని, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుందంటే ఇక పొద్దువాలేదాకా లేవదు. బద్ద కొసని కాలి బొటనవేలికి చుట్టి, రెండు చేతులతో బిగించి లాగుతుంది. ఆ బిగువు వల్లే మా కుర్చీలు పదేళ్ళయినా కుంగవు. మోకాళ్ళు అరిగిపోతాయని ఒకసారి నేను ఎత్తు పీట చేసిచ్చాను. రెండు రోజులు నా మొహం చూసి దాని మీద కూర్చుంది, మూడో రోజు దాని మీద టీ గ్లాసు పెట్టుకుంది. "కాలు అందని పని నాకు చేతకాదురా" అంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, నలభై ఏళ్ళుగా అదే నేల, అదే కూర్చోవడం. అది తన పనే కాదు, తన దర్జా కూడా. వీధిలో ఎంతటివాళ్ళొచ్చినా అమ్మ లేవదు, వాళ్ళే వంగి మాట్లాడాలి.

ఆ రోజు మధ్యాహ్నం తొట్టిలోంచి తడి కట్ట తీసుకుని లేవబోతూ నీళ్ళలో జారింది. కుడి పక్కకి పడింది. నేను పరిగెత్తేలోపే లేచి కూర్చుని, "ఏం కాలేదు, కట్టకి మట్టి అంటింది, కడుగు" అంది. సాయంత్రానికి గజ్జల్లో పోటు మొదలైంది. కుంటుకుంటూ బండెక్కింది, కుంటుకుంటూ ఆసుపత్రి మెట్లెక్కింది. మెట్లు నేను లెక్కపెట్టాను, పదకొండు. ఆ పదకొండు మెట్ల సంగతి మర్నాటిదాకా కనపడ్డవాళ్ళందరికీ చెప్పాను.

ఎముకల డాక్టరమ్మ మా చెల్లెలి ఈడుదే. ఎక్స్‌రేని వెలుగుతున్న పలక మీద పెట్టి, పెన్ను మొనతో చూపించింది.

"తొడ ఎముక పైకొస ఇది. బంతిలా ఉంది కదా, ఇది తుంటి గిన్నెలో తిరుగుతుంది. బంతికి కింద సన్నగా ఉన్నది మెడ. చీలింది ఇక్కడ. మీ అదృష్టం, జారలేదు. రెండు ముక్కలూ ఒకదాంట్లో ఒకటి గుచ్చుకుని నిలబడ్డాయి. నడవగలిగింది అందుకే."

నేను పలక దగ్గరికి వెళ్ళి ముక్కు ఆనించి చూశాను. నాకు కనిపించింది ఒక మసక గీత. వెంట్రుక పడినా అలాగే ఉంటుంది.

"ఇది దానంతటదే అతుక్కోదా?" అన్నాను.

"అతుక్కోవచ్చు. జారిపోనూ వచ్చు. జారాక ఏడ్చి లాభం లేదు. రేపు పదకొండింటికి పక్కన చిన్న గాటు పెట్టి మూడు స్క్రూలు వేస్తాను. ఆవిడ ఎముక ఆవిడకే ఉంటుంది."

అప్పటిదాకా గోడకేసి చూస్తున్న అమ్మ తల తిప్పింది. "కింద కూర్చోవచ్చా అమ్మా?"

"ఎముక అతుక్కున్నాక మెల్లమెల్లగా కూర్చోవచ్చు. అదే జారిందనుకోండి, బంతి తీసేసి లోహపు బంతి పెట్టాలి. అప్పుడు నడక బాగానే ఉంటుంది గానీ నేల మీద కూర్చోవడం, బాసింపట్టు వెయ్యడం ఇక మర్చిపోవాలి. అందుకే గట్టిగా చెప్తున్నా, రేపటిదాకా మంచం దిగొద్దు. ఆ కాలి మీద బరువు పడకూడదు. బాత్రూముకి కూడా లేవొద్దు, అన్నీ మంచం మీదే."

అమ్మ బుద్ధిగా తలూపింది. నేను మాత్రం పదకొండు మెట్ల గురించి ఆలోచిస్తున్నాను.

బయట వరండాలో ఒక మనిషి నాలుగు ఉక్కు పెట్టెలు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, నిగనిగలాడే బూట్లు. డాక్టరమ్మ అటువైపు వెళ్తూ అతనితో ఏదో అంది, ఇద్దరూ నవ్వుకున్నారు. నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. డాక్టరమ్మ వెళ్ళిపోయాక అతని పక్కన కూర్చున్నాను. వడ్రంగి పనివాణ్ణని చెప్పి, పెట్టెల్లో ఏముందని అడిగాను. ఎముకల్లో బిగించే సామాను తెచ్చి అమ్మేవాడట. అమాయకుడు, మూత తీసి మరీ చూపించాడు.

"ఇవి మెడ చీలితే వేసే స్క్రూలు, మధ్యలో బోలుగా ఉంటాయి. ఇది పెద్ద స్క్రూ, పక్కన పట్టీ, మెడ కింద విరిగితే. ఈ పొడుగు కడ్డీ ఎముక లోపలికి దూరుస్తారు, ఇంకా కిందికి విరిగితే. ఆ పెట్టెలో బంతులు, గిన్నెలు."

"ఏది వెయ్యాలో ఎవరు చెప్తారు, నువ్వా?"

"అయ్యో, నాదేముందండీ. ఎముక ఎక్కడ విరిగిందో అదే చెప్తుంది."

ఆ నవ్వు నాకు తెలుసు. మా వీధిలో తలుపు బందులమ్మే ఆయన అచ్చం అలాగే నవ్వుతాడు. చవకబారువి అడిగితే "మీ ఇష్టమండీ" అంటూనే ఇత్తడి బందులు చేతిలో పెడతాడు. నాకు మొత్తం అర్థమైపోయింది. పదకొండు మెట్లెక్కిన మనిషికి చిన్న బెణుకు. ఫోటోలో వెంట్రుకంత గీత. ఆ గీతని చూపించి స్క్రూలు అమ్ముకుంటారు. చెల్లెలికి చెప్తే, "అన్నయ్యా, నీ చెక్క బుర్ర ఇక్కడ వాడకు" అంది. తను బడిలో లెక్కలు చెప్తుంది, ఎదురు ప్రశ్న వేస్తే దాని సమాధానం కూడా తనే చెప్పేస్తుంది. రాత్రి అమ్మ దగ్గర తను ఉంటానంది. నేను ఇంటికెళ్ళి నిద్ర పట్టక నాలుగు పీటలకి చిత్రిక పట్టాను.

మర్నాడు ఎనిమిదింటికల్లా వార్డులో ఉన్నాను. చెల్లెలు కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నట్టే ఉంది. మొహం కడుక్కుని టీ తాగి రమ్మని పంపించాను. తను గుమ్మం దాటగానే మంచం చుట్టూ తెర లాగాను. ఆ లాగడంలోనే నాకు తప్పు చేస్తున్నట్టు తెలిసి ఉండాలి. ఒప్పు చేసేవాడికి తెరతో పనేముంది?

"నొప్పి ఎలా ఉందమ్మా?"

"కదలకపోతే లేదు."

"కాలు ఎత్తు, చూద్దాం."

పడుకునే జానెడెత్తు లేపింది. నుదురు ముడిపడింది గానీ కాలు లేచింది.

"చూశావా! విరిగిన కాలు ఇలా లేస్తుందా ఎక్కడైనా? నిన్న పదకొండు మెట్లెక్కావు."

"డాక్టరమ్మ చీలిందంది కదరా."

"అంటుంది. అనకపోతే బయటున్న పెట్టెలు ఎలా ఖాళీ అవుతాయి?"

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కుర్చీ కాలు చీలిందని ఎవరైనా తెస్తే నేను కంటితో తేల్చను. మిగతా మూడు కాళ్ళూ గాల్లోకి లేచేలా కుర్చీని ఆ ఒక్క కాలి మీదికి వాల్చి, నా బరువంతా మోపుతాను. చీలిక ఉంటే కిర్రుమని బయటపడుతుంది. లేకపోతే నిలబడుతుంది, తెచ్చినవాణ్ణి నాలుగు మాటలని పంపించేస్తాను. ఇంతకన్నా నిక్కమైన పరీక్ష లేదని నేను పని నేర్చుకున్న నాటి నుంచి నమ్ముతున్నాను. చీలి ఉన్న కాలు ఆ పరీక్షలోనే విరిగిపోతే ఏం నష్టం? కొత్త కాలు చేసి బిగిస్తాం.

"లే, ఒక్కసారి నిలబడు. నేను పట్టుకుంటా," అన్నాను.

"దిగొద్దన్నారు కదరా."

"దిగితే వాళ్ళ గుట్టు బయటపడుతుందని అన్నారు. విరగలేదమ్మా. నా మాట విను."

అమ్మ ఒక్క నిమిషం నా మొహంలోకి చూసింది. తర్వాత మారు మాట్లాడకుండా, రెండు చేతులూ పరుపు మీద ఆన్చి కాళ్ళు కిందికి జార్చింది. నడుము పట్టుకుని లేపాను. నిలబడింది. రెండు కాళ్ళ మీదా నిలబడింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అక్కడితో ఆపి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు, డాక్టరమ్మ కూడా చెప్పలేకపోయింది. నేను ఆపలేదు.

"ఇప్పుడు ఎడమ కాలు ఎత్తు. కుడికాలి మీదే నిలబడు."

ఎత్తింది.

చప్పుడేమీ రాలేదు. నా అరచేతి కింద, తుంటి దగ్గర, లోపల ఏదో కుంగి పక్కకి జరిగింది. చెక్క లోపల జరిగితే చేతికి ఎలా తెలుస్తుందో అంతే స్పష్టంగా తెలిసింది. అమ్మ నోరు తెరిచింది గానీ కేక పెట్టలేదు. నా భుజం దగ్గర చొక్కాని పళ్ళతో కరిచి పట్టుకుంది. ఎత్తి మంచం మీద పడుకోబెట్టాను. దుప్పటి మెడదాకా కప్పి, పాదాలు బయటికి కనపడకుండా అంచులు పరుపు కిందికి దోపాను.

"ఏం కాలేదు, కాస్త బెణికింది," అన్నాను. గోడ గడియారం ఎనిమిదీ ఇరవై చూపిస్తోంది. ఎందుకు చూశానో తెలీదు, చూశాను.

ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పాలి. నా చేతికి ఆ క్షణమే తెలుసు. కానీ నా బుర్ర అంత తేలిగ్గా ఒప్పుకునే బుర్ర కాదు. వెంటనే పని మొదలుపెట్టింది. నిన్న ఎక్స్‌రే తీసినతను కాలుని అటూ ఇటూ తిప్పాడు కదా, అతనే కదిలించి ఉంటాడు. మంచం మార్చేటప్పుడు నర్సులు ఎత్తి పడేశారు కదా, అప్పుడే అయి ఉంటుంది. అసలు ఏమీ జరగలేదు, నా చెయ్యే వణికింది. ఇలా ఒక్కొక్కరినీ వరసగా నిలబెట్టి నేరం మోపుతూ పోయాను, ఆ వరసలో నేను తప్ప అందరూ ఉన్నారు.

చెల్లెలు టీ తాగి వచ్చింది. "అమ్మ మొహం అలా పాలిపోయిందేంటి?"

"భయం. ఆపరేషన్ కదా," అన్నాను. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది, తెరవలేదు.

పది దాటాక నర్సు సిద్ధం చేయడానికి వచ్చి దుప్పటి తీసింది. కుడి పాదం బయటివైపుకి ఒరిగిపోయి ఉంది. కాలు ఎడమదానికన్నా పొట్టిగా కనిపించింది. నర్సు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ తర్వాత అంతా హడావిడి. చక్రాల ఎక్స్‌రే యంత్రం మంచం దగ్గరికే వచ్చింది. డాక్టరమ్మ చేతిలో రెండు ఫోటోలతో వచ్చి కిటికీ వెలుతురులో పక్కపక్కన పట్టుకుంది. నిన్నటి దాంట్లో మెడ తిన్నగా ఉంది. ఇవాళ్టి దాంట్లో బంతి ఒక పక్కకి వాలిపోయింది, కింది ఎముక పైకి జరిగింది.

"జారింది," అంది. "ఇక స్క్రూలు కష్టం. బంతీ గిన్నే రెండూ మార్చాలి. మరీ పెద్దవాళ్ళకైతే బంతి ఒక్కటీ చాలు గానీ, ఈవిడ పనిచేసే మనిషి, గిన్నె అరిగిపోతుంది."

అంతే, నా నోటికి హద్దు లేకుండా పోయింది.

"నిన్న మూడు స్క్రూలు. ఇవాళ బంతీ, గిన్నే. సాయంత్రానికి కాలే మార్చాలంటారా? అసలు ఈ ఫోటో మా అమ్మదేనని ఎవరు చెప్పాలి?"

"నంబరు ఉంది, టైము ఉంది. చూడండి."

"నంబరు ఎవరైనా వెయ్యొచ్చు. మసిబూసి మారేడుకాయ చెయ్యడం నాకు తెలీదా? బయట పెట్టెలాయనతో నిన్న మీరు నవ్వుకోవడం నేను చూడలేదనుకుంటున్నారా? రాత్రికి రాత్రి ఖరీదైన సరుకు ఎలా అవసరమైందో చెప్పండి!"

వార్డులో పన్నెండు మంచాలు. పన్నెండు మంచాల మీదివాళ్ళూ తలలు ఎత్తారు. డాక్టరమ్మ చెవులు ఎర్రబడ్డాయి. వంగి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నొప్పి ఎప్పుడు ఎక్కువైంది? లేచారా? ఎవరైనా లేపారా?"

అమ్మ కళ్ళు తెరిచింది. నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో నాకు కనిపించింది.

"రాత్రి నిద్రలో పక్కకి తిరిగానమ్మా. అప్పుడు చురుక్కుమంది. చెప్తే తిడతారని ఊరుకున్నా."

నర్సు గిర్రున చెల్లెలి వైపు తిరిగింది. "రాత్రి మీరే కదా ఉన్నారు? అన్నిసార్లు చెప్పాం, కనిపెట్టి చూసుకోమని! నిద్రపోయారా?"

"లేదండీ! నేను కన్ను మూయలేదు. అమ్మ కదల్లేదు, ఒట్టు!" అంది చెల్లెలు. "ఒక్కసారి కూడా కదల్లేదు. పొద్దున టీకి వెళ్ళేదాకా నేను..."

అని ఆగిపోయింది. ఆగి, మెల్లగా నా వైపు చూసింది. లెక్కల టీచరు కదా, తీసివేత చేస్తే ఏం మిగులుతుందో తనకి తెలిసిపోయింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను, తేలు కుట్టిన దొంగలా.

డాక్టరమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. "ఎన్నింటికి అన్నది నాకు కావాలమ్మా, తిట్టడానికి కాదు. బంతికి రక్తం ఈ మెడ మీది సన్నని నాళాల్లోంచే వెళ్తుంది. జారితే అవి నలుగుతాయి. ఇప్పుడే, రెండు మూడు గంటల కిందట జారిందనుకోండి, బల్ల మీద కాలు లాగి తిప్పి సరిగ్గా కూర్చోబెట్టే ప్రయత్నం చేస్తాను. కూర్చుంటే స్క్రూలే వేస్తాను. రాత్రి నుంచీ ఇలాగే ఉంటే ఆ పందెం నేను కాయను. పైకి అతికినట్టే ఉండి, ఏడాది తిరిగేసరికి బంతి చచ్చిపోతే మళ్ళీ కొయ్యాలి."

"రాత్రేనమ్మా," అంది అమ్మ. "బాగా రాత్రి."

అమ్మ తన ఎముక ఇచ్చేస్తోంది. నేల మీద కూర్చోవడం, బొటనవేలికి బద్ద చుట్టడం, వచ్చినవాళ్ళని వంగి మాట్లాడేలా చెయ్యడం, అన్నీ ఇచ్చేస్తోంది, నాకు మాట రాకూడదని. నేను నోరు మూసుకుంటే చాలు, చెల్లెలు దోషి, డాక్టరమ్మ దొంగ, నేను మాత్రం అన్నీ ముందే కనిపెట్టిన మేస్త్రిని. ఒక్క నిమిషం ఆ మూసుకోవడం నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పడానికి సిగ్గేస్తోంది.

"ఎనిమిదీ ఇరవై," అన్నాను.

ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాను. "పొద్దున ఎనిమిదీ ఇరవైకి. నేనే లేపాను. కుడికాలి ఒక్కదాని మీదే నిలబెట్టాను. అప్పుడే జారింది, నా చేతికి తెలిసింది."

"వాడి మాటలు పట్టించుకోకమ్మా," అంది అమ్మ వెంటనే. "చెల్లెల్ని అంటున్నారని వాడు మీదేసుకుంటున్నాడు."

డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నా వైపు తిరిగింది. "ఐదు నిమిషాల కిందట నేను ఫోటో మార్చానన్నారు. ఇప్పుడు మీరే అంటున్నారు. స్క్రూలు వేయించుకోవడానికి టైము మార్చి చెప్పడం లేదని నేనెలా నమ్మాలి?"

నా జన్మలో ఇలాంటి ప్రశ్న నేనే అందరినీ అడిగాను, నన్ను ఎవరూ అడగలేదు. చెల్లెలే లేచి నా దగ్గరికొచ్చింది, నా భుజం మీద చొక్కా పట్టి ఇటు తిప్పింది. పళ్ళ గుర్తులు గుడ్డలో ఇంకా దిగి ఉన్నాయి, చుట్టూ తడి ఆరి మరకైంది. "నేను వెళ్ళేటప్పుడు ఇది లేదు," అంది. ఆ మాట డాక్టరమ్మతో అంది గానీ కళ్ళు నా మీదే ఉన్నాయి.

డాక్టరమ్మ చేతి గడియారం చూసుకుంది. "రెండున్నర గంటలు. పదండి." నర్సుకి వరసగా నాలుగు పనులు చెప్పి, నా చేతిలో కాగితం పెట్టింది. "ముందు స్క్రూల ప్రయత్నం. కుదరకపోతే బంతీ గిన్నే. రెండింటికీ ఒప్పుకున్నట్టు మీ సంతకం. చదివి పెట్టండి, మీకు అలవాటేగా." నేను చదవకుండా పెట్టాను.

థియేటరు తలుపు దగ్గర పెట్టెలాయన నాలుగు పెట్టెలూ లోపలికి పంపుతున్నాడు. వార్డులో నేను అన్నవన్నీ అతనికి చేరినట్టున్నాయి, నవ్వడం లేదు.

"అన్నీ ఎందుకు?" అన్నాను. కావాలని అడగలేదు, అలవాటుగా వచ్చేసింది.

"ఏది పడుతుందో బల్ల మీదే తెలుస్తుంది మేస్త్రిగారూ. వాడనివి సాయంత్రం వెనక్కి తీసుకుపోతా. మీరు తలుపు బిగించడానికి ఒక్క సైజు బందులే పట్టుకెళ్తారా?"

నేను మూడు సైజులు పట్టుకెళ్తాను. ఎప్పుడూ అంతే.

వరండాలో చెల్లెలు నా నుంచి రెండు కుర్చీల అవతల కూర్చుంది. "నన్ను టీకి పంపింది అందుకేనా?" అంది. అవునన్నాను. "నేను తాగి, వస్తూ నీక్కూడా తెచ్చాను," అంది.

మధ్యాహ్నం రెండింటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. మొహం మీది గుడ్డ కిందికి లాగింది, ముక్కు మీద దాని గీత పడి ఉంది.

"మూడుసార్లు లాగి చూశాను. కూర్చోలేదు. మెడకి వెనకవైపు ఎముక పొడిపొడి అయిపోయింది, స్క్రూ పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. బంతీ గిన్నే వేశాను. అవి బాగా కూర్చున్నాయి. రేపే నడిపిస్తాం."

పొడైన చెక్కలో స్క్రూ ఎంత తిప్పినా ఉత్తినే తిరుగుతుంది. నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. "నిన్నటి ఫోటోలో వెనకవైపు బాగానే ఉందా?" అని అడిగాను.

"బాగానే ఉంది," అంది. "మీరు టైము చెప్పకపోతే నేను ప్రయత్నం కూడా చేసేదాన్ని కాదు." ఆ రెండో మాట నిజంగా అందో, నా మొహం చూసి ఊరటకి అందో తెలీలేదు. తేల్చుకోవాలని అనిపించలేదు. పొద్దున అన్న మాటలకి క్షమించమన్నాను. "ముందు మీ చెల్లెలికి చెప్పండి," అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

మూడో రోజుకి అమ్మ నాలుగు కాళ్ళ ఊతం పట్టుకుని వార్డు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. నడక నేర్పే ఆయన వెంట నడుస్తూ చెయ్యకూడనివన్నీ చదివాడు. కింద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు, తుంటి కన్నా మోకాలు పైకి రాకూడదు. అమ్మ అన్నిటికీ "సరే బాబూ" అంది. పని గురించి ఒక్క మాట అడగలేదు. అల్లకుండా కొట్లో పడున్న చట్రాల గురించి కూడా అడగలేదు. అడిగి, తిట్టి, నెత్తి మీద రెండు మొట్టినా నాకు బాగుండేది.

మంచం మీద కూర్చోబెట్టి దిండు సర్దాను. చెల్లెలు మందులు తేవడానికి వెళ్ళింది. మూడు రోజులుగా దాచుకున్న ప్రశ్న అప్పుడు అడిగేశాను.

"అమ్మా, ఆ రోజు కాలు ఎత్తమన్నప్పుడు నొప్పి పుట్టలేదా?"

"పుట్టకేం? అంతకుముందు లేచి నిలబడ్డప్పుడే ప్రాణం పోయినంత పనైంది."

"మరెందుకు ఎత్తావు? నొప్పి అని ఒక్క మాట అనొచ్చు కదా! నన్ను తోసెయ్యొచ్చు కదా!" నా గొంతు నాకే అరుపులా వినిపించింది. పక్క మంచం ఆవిడ ఇటు చూసింది.

అమ్మ నా వైపు వింతగా చూసింది, అడగాల్సిన ప్రశ్నేనా అన్నట్టు.

"నువ్వు చిన్నప్పటి నుంచీ ఎవర్నీ నమ్మవు కదరా. పది సార్లు తట్టి చూస్తే గానీ ఒక మాట చెప్పవు. అలాంటివాడివి విరగలేదని నువ్వే అంటుంటే, ఇక నొప్పి అంటావా, అది నా భయమే అనుకున్నాను."

అని, మంచినీళ్ళు ఇమ్మంది. గ్లాసు అందించబోయి సగం నీళ్ళు దుప్పటి మీదే ఒలకబోశాను.